రెండు రసెల్‌లు, ఒక పండుగప్ప

బెంగళూరు శివాజీనగర్‌లోని రసెల్ మార్కెట్‌ను 1927లో కట్టారు. నూరేళ్ల పండుగ ముంగిట్లో ఉంది కదా, నాలుగు ముక్కలు రాయమన్నారు సంపాదకులు. నా చూపు మాత్రం ఐసు మీద పడుకున్న పండుగప్ప చేప దగ్గరే ఆగిపోయింది.

సముద్రం ఇక్కడికి దూరమే కానీ, కన్నడ సీమకు గాలం సరదా పాతదే. కల్యాణి చాళుక్యుడు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో చేపల వేట రాజుల వినోదం. ఏ చేపకు ఏ ఎర వేయాలో కూడా అందులో ఉంది. ఆ తర్వాత ఆరున్నర శతాబ్దాలు ఒక్క గంతులో దాటేసి విశాఖపట్నంలో దిగుదాం.

అక్కడున్నాయన ప్యాట్రిక్ రసెల్. మార్కెట్‌కు పేరిచ్చిన మున్సిపల్ కమిషనర్ టి.బి. రసెల్ వేరు, ఈయన వేరు. ఎడిన్‌బరో డాక్టరు. అలెప్పోలో ప్లేగు రోగులను చూసి, చివరికి 1785లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రవేత్తగా కుదిరాడు. కోళ్లనూ కుక్కలనూ పాములతో కరిపించి విషం సంగతి తేల్చిన ఘనుడు. రక్తపింజరిని ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నాకు ముద్దొచ్చేది మాత్రం 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన చేపల పుస్తకం. రెండు సంపుటాలు, 200 చేపలు. వాటికి చాలావరకు మన జాలర్లు చెప్పిన పేర్లే, ఇంగ్లీషు అక్షరాల్లో. 131వ బొమ్మ ‘పండు మీను’, అంటే మన పండుగప్పే. అట్ట మీదికెక్కింది డాక్టరు ఒక్కడే. పేర్లు చెప్పిన జాలర్లకు అక్కడ చోటు దొరకలేదు.

పండుగప్పను పోల్చుకోవడం తేలికే. నుదురు లోపలికి నొక్కుకుపోయి, వీపు గూనిలా లేస్తుంది. నోరు కంటి వెనకదాకా చీలి ఉంటుంది, తోక గుండ్రం. రాత్రి టార్చి వేస్తే కన్ను ఎర్రగా మెరుస్తుంది. పోటు, పాటు మారే వేళ మొగల్లో మడ వేళ్ల చాటున పొంచి ఉంటుంది. గాలం పడగానే నీళ్లలోంచి ఎగిరి తల విదిలిస్తుంది. మొప్ప రేకు అంచు మహా పదును. గాలం దగ్గర లావుపాటి నైలాన్ ముక్క కట్టకపోతే దారం పుటుక్కుమంటుంది.

1873లో మంగళూరులో అచ్చయిన హెన్రీ సలివన్ థామస్ గాలం పుస్తకం దొరల్ని ఏటి చేప మాసీర్ వెంట పడేసింది. బెంగళూరు గాలంరాయుళ్లూ చాలాకాలం కావేరినే నమ్ముకున్నారు. ఉప్పునీళ్ల మోజు తర్వాతిది. ఈలోగా 1997లో చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ పండుగప్పకు హ్యాచరీలో పిల్లలు పుట్టించింది. 2007లో విశాఖ సముద్రంలో పంజరం కట్టి పెంచారు. 2012లో రసెల్ మార్కెట్ కాలింది, మళ్లీ లేచింది. ఇప్పుడు హోటళ్లలో పండుగప్ప పేరు సీబాస్. ఎక్కడి కథ ఎక్కడికో పోయింది!

ఇందులో ఒక చిక్కుంది. ఈ చేపల్లో చాలావరకు మొదట మగవి, ఏళ్లు గడిచి బాగా పెరిగాకే ఆడవవుతాయి. అందుకే భారీ చేప పడితే ఫొటో దిగి నీళ్లలోకి వదిలేసే గాలంరాయుళ్లున్నారు. హోటళ్లకు ఆ బెంగే లేదు, వాళ్లకు కావలసింది పళ్లెంలో పట్టే సైజు.