జాన్సన్ (ఇంటిపేరు)

జాన్సన్ ఇంగ్లాండులో పుట్టిన ఒక ఇంటిపేరు. "జాన్ కుమారుడు" అని దీని అర్థం. తండ్రి పేరు మీదుగా ఏర్పడిన ఇటువంటి పేర్లను పితృనామాలు అనవచ్చును. 2010 జనాభా లెక్కల ప్రకారం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 19,32,812 మందికి ఈ ఇంటిపేరు ఉండగా, స్మిత్ తరువాత రెండవ స్థానం దీనికి దక్కినది. తెలుగునాట మాత్రం ఇది ఇంటిపేరుగా కాక వ్యక్తి పేరుగానే ఎక్కువగా వినిపిస్తుంది.

పుట్టుక

జాన్ అనే పేరుకు మూలం "యెహోవా దయ చూపెను" అనే అర్థం గల యోహానాన్ అనే హీబ్రూ పేరు. అది గ్రీకు, లాటిను, ప్రాచీన ఫ్రెంచి భాషల గుండా ఇంగ్లీషులోకి వచ్చి జాన్ అయినది. తెలుగు బైబిలులో ఇదే పేరు యోహానుగా ఉన్నది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో సీమోను పేతురును యోహాను కుమారుడని పిలిచిన సందర్భం కలదు. ఆ పిలుపును ఇంగ్లీషు పద్ధతిలో కుదించితే జాన్సన్ అవుతుంది.

1066లో నార్మనులు ఇంగ్లాండును జయించిన తరువాత వంశపారంపర్యపు ఇంటిపేర్లు మొదట ప్రభువర్గంలో వాడుకలోకి వచ్చి, 14వ శతాబ్దం నాటికి సామాన్యులలోనూ స్థిరపడసాగినవి. అంతకు ముందు జాన్ కొడుకు రాబర్ట్ "జాన్సన్" అయితే, ఆ రాబర్ట్ కొడుకు "రాబర్ట్‌సన్" అయ్యేవాడు. పేరు తరతరానికి మారేది. పన్నుల జాబితాలు, ఆస్తి పత్రాలు, 1538లో మొదలైన చర్చి రిజిస్టర్లు ఈ మార్పును క్రమంగా ఆపివేసినవి. నాటి నుండి జాన్సన్ అన్న పేరు గలవాని తండ్రి జాన్ కానవసరం లేదు. ఐస్‌లాండులో మాత్రం నేటికీ పాత పద్ధతే నడుస్తున్నది.

"సన్" అనే ప్రత్యయం డేనుల ప్రభావం గల ఉత్తర, మధ్య ఇంగ్లాండులలో ఎక్కువ. దక్షిణాన, వేల్సులో "స్" చేర్చుట వాడుక. కావున జోన్స్ అన్నా "జాన్ కుమారుడు" అనే భావమే. జాక్ అనే ముద్దు పేరు నుండి జాక్సన్, జెన్‌కిన్ నుండి జెన్‌కిన్స్ వచ్చినవి. స్వీడను యోహాన్సన్, రష్యా ఇవనోవ్ కూడా ఈ కుటుంబంలోనివే. స్కాట్లాండుకు చెందిన జాన్‌స్టన్ వేరు. అది "జాన్ ఊరు" అనే గ్రామనామం నుండి పుట్టినది. చెప్పాలంటే, అది మన తెలుగు ఇంటిపేర్ల పద్ధతికి దగ్గర.

వ్యాప్తి

అమెరికాలో ఈ పేరు ఇంతగా పెరగడానికి ఇంగ్లాండు వారి వలస ఒక్కటే కారణం కాదు. స్వీడను, నార్వేల నుండి వచ్చిన యోహాన్సన్, యోహాన్సెన్‌లలో అనేకులు జాన్సన్‌లుగా మారారు. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతి వారిలోనూ పలువురు ఈ పేరుతో నమోదయ్యారు. కనుక ఈ పేరును బట్టి ఒకరి జాతిని గాని, పూర్వీకుల దేశాన్ని గాని ఊహించుట పొరపాటు. బ్రిటిషు ప్రధానిగా 2019 నుండి 2022 వరకు పనిచేసిన బోరిస్ జాన్సన్ దీనికి మంచి ఉదాహరణ. ఆయన తండ్రి తరఫు ముత్తాత అలీ కెమాల్ టర్కీ దేశస్థుడు. కెమాల్ కుమారుడు తన అమ్మమ్మ పుట్టింటి పేరైన జాన్సన్‌ను స్వీకరించాడు. తండ్రి పేరును తెలుపవలసిన ఇంటిపేరు ఇక్కడ అమ్మమ్మ వైపు నుండి వచ్చినదన్నమాట!

తెలుగునాట

నిజాం ఆలీఖాన్ కాలంలో, 1784-85లో, హైదరాబాదులో బ్రిటిషు రెసిడెంటుగా పనిచేసిన రిచర్డ్ జాన్సన్ చిత్రకళాప్రియుడు. ఆయన సేకరించిన చిత్రాలను, వ్రాతప్రతులను 1807లో ఈస్టిండియా కంపెనీ కొన్నది. అవి ఇప్పుడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఉన్నవి.

పూర్వపు మెదక్ జిల్లాలో వెస్లియన్ మెథడిస్టు మిషను విస్తృతంగా పనిచేసినది. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైనది. సిద్దిపేట కూడా ఈ మిషను కేంద్రాలలో ఒకటి. క్రైస్తవం స్వీకరించిన తెలుగు కుటుంబాలు బైబిలు పేర్లను, ఇంగ్లీషు పేర్లను పిల్లలకు పెట్టుకున్నా, చాలావరకు తమ ఇంటిపేరును వదులుకోలేదు. కవి గుర్రం జాషువ పేరులో గుర్రం ఇంటిపేరు, జాషువ బైబిలు పేరు. జాన్సన్ అనే పేరు కూడా ఈ వరుసలోనే, తెలుగు ఇంటిపేరు వెనుక వ్యక్తి పేరుగా కుదురుకున్నది.

తెలుగువారి ఇంటిపేర్లలో ఊరు, వృత్తి, పూర్వీకుల లక్షణం వంటివి కనిపించడమే ఎక్కువ. తండ్రి పేరు ఇంటిపేరు కావడం అరుదు. సిద్దిపేట జిల్లా చింతమడకలో 1954లో జన్మించిన కె. చంద్రశేఖరరావు ఇంటిపేరు కల్వకుంట్ల. అందులో కుంట ఉన్నది. సిద్దిపేట శాసనసభ్యుడు హరీశ్‌రావు ఇంటిపేరు తన్నీరు, అనగా చల్లని నీరు. రెండింటిలోనూ నీళ్ళే ఉండడం యాదృచ్ఛికం కావచ్చును. ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత రావడం తెలుగు సంప్రదాయం. ఇంగ్లీషులో దీనికి తలక్రిందులు.

ఈ తేడా వల్ల చిక్కులు వస్తున్నవి. తెలుగు వరుసలో వ్రాసిన పేరులో చివరి మాట జాన్సన్ అయితే, విదేశీ దరఖాస్తులలో దానినే ఇంటిపేరుగా భావించే అవకాశం ఉన్నది. అలా నమోదైతే, అతని అన్నదమ్ములకు, పిల్లలకు వేరొక ఇంటిపేరు ఉన్నట్లు కాగితాలలో కనిపిస్తుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో పేరు ఒకే వరుసలో లేనప్పుడు విద్యార్థులకు ఈ ఇబ్బంది ఎక్కువ. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు, వ్యక్తి పేరుకు వేర్వేరు గడులు ఉంటాయి కనుక, జాన్సన్ అనే పేరు గల తెలుగు విద్యార్థి ఆ పేరును వ్యక్తి పేరు గడిలోనే వ్రాయవలెను.