రాయగడ ప్రాంతపు పాత రైలు గుర్తులు, పరికరాలు

రాయగడ, కోరాపుట్ జిల్లాల రైలు మార్గాల పక్కన నిలిచిన రెక్క సిగ్నళ్లు, వాలు స్తంభాలు, మైలు గుర్తులు, కూత బోర్డులు, స్టేషన్లలోని టోకెన్ యంత్రాలు, కేబిన్లలోని లీవర్లు రైలు చరిత్రలో చివరి పేజీకి నెట్టేసిన విషయాలు. చరిత్ర అనగానే ఇంజన్ల గురించి, వంతెనల గురించి, మార్గం వేయించిన దొరల గురించీ రాజుల గురించీ రాస్తారు. నిజానికి ఒక కొండ మార్గం ఎలా నడిచిందో తెలియాలంటే ఈ చిన్న సామగ్రిని చూడాలి. ఇంజన్‌ను ఏ ఊళ్లో నిలబెట్టినా ఇంజనే. వాలు స్తంభం అలా కాదు. ఫలానా చోట నేల ఇంత వాలింది అని చెప్పడానికే అది పుట్టింది; ఆ చోటునుంచి పెరికితే చెప్పడానికి దానికేమీ మిగలదు. అందుకే ఈ సామగ్రిని కాపాడడమంటే వస్తువుతో పాటు దాని చోటును కూడా కాపాడడం. ఈ ప్రాంతపు రైలు చరిత్రే ఆ మాటకు ఆధారం.

ఇక్కడికి రైలు మూడు వైపులనుంచి, మూడు అవసరాల మీద వచ్చింది. మొదటిది పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల గేజితో వేసిన ఆ మార్గం 1900 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి ఏళ్లలో నష్టాలే వచ్చినా తర్వాత నిలదొక్కుకుని, 1929లో, 1931లో రెండు విడతలుగా గుణుపూర్ దాకా సాగింది. గుణుపూర్ ఇప్పుడు రాయగడ జిల్లాలోని పట్టణం. రెండోది బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన బ్రాడ్‌గేజి మార్గం. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908–09లో వచ్చి ఆగిన పట్టాలు, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌ను కలిసేసరికి 1931 అయింది. మరో రెండేళ్లకు, 1933లో, విశాఖపట్నం ఓడరేవు తెరుచుకుంది. లోతట్టు నేలల సరుకుకు సముద్రపు దారి దొరికింది. రాయగడ అప్పటికి జయపురం సంస్థానంలోనిది, మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాకే అటు వెళ్లింది. మూడోది బైలడిలా కొండల ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం. కోరాపుట్ దానిమీద ఉంది. కోరాపుట్‌కూ రాయగడకూ మధ్య పట్టాలు పూర్తవడానికి మాత్రం 1990ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

ఈ మార్గాలన్నీ ఒంటి వరసగానే పుట్టాయి. ఎదురెదురుగా వచ్చే రైళ్లకు ఒకే జత పట్టాలు. పాత పరికరాల్లో సగానికి మూలం ఆ ఒక్క ఇబ్బందే. 1874లో ఇంగ్లండ్‌లోని థార్ప్ దగ్గర ఒంటి వరస మీద రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. తంతి వార్తల్లో జరిగిన పొరపాటు దానికి కారణం. ఆ తర్వాత 1878లో ఎడ్వర్డ్ టయర్ టాబ్లెట్ యంత్రాన్ని తెచ్చాడు; టాబ్లెట్ అంటే టోకెన్‌గా పనికొచ్చే బిళ్ల. మాట మీద నమ్మకం పోయి వస్తువు మీద నమ్మకం వచ్చింది. రెండు స్టేషన్లలోని యంత్రాలను విద్యుత్తుతో ముడిపెడతారు. ఒక చోట టాబ్లెట్ బయటికి తీస్తే, దాన్ని ఏదో ఒక యంత్రంలో తిరిగి వేసేదాకా రెండోది ఏ చివరా రాదు. అది డ్రైవరు చేతిలో ఉంటేనే ముందున్న దారి అతనిది. భారతదేశపు ఒంటి వరసల మీద బాగా పాతుకుపోయిన నీల్ యంత్రంలో టాబ్లెట్‌కు బదులు లోహపు గోళం ఉంటుంది. దాన్ని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద రింగుకు తగిలించి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి కదిలే ఇంజన్‌కు అందించేవాడు. డ్రైవరు పక్క మనిషి ఆ రింగులో చెయ్యి దూర్చి అందుకుని, వెనక స్టేషన్ నుంచి తెచ్చిన రింగును కిందికి విసిరేవాడు. పై అధికారి నోటిమాట కన్నా ఆ గోళానిదే పైచేయి.

రెక్క సిగ్నల్ కథ ఇంకా ఆసక్తికరం. స్తంభానికి అడ్డంగా ఉన్న ఎర్ర రెక్క ఆగమంటుంది. పాత పద్ధతిలో అది కిందికి వాలితే దారి ఉన్నట్టు; తర్వాతి పద్ధతిలో పైకి లేస్తే దారి ఉన్నట్టు. పైకి లేచే రెక్కకు, తీగ తెగితే, సొంత బరువే దాన్ని ఆగమనే స్థితికి దింపుతుంది. కిందికి వాలే రెక్కకు ఆ పని చేయడానికి వేరే బరువు కట్టాలి. తప్పు జరిగితే ఆగడం వైపే జరగాలన్న ఆలోచన ఇనుములో అలా రూపం దిద్దుకుంది. అడ్డంగా ఉన్న రెక్క చివర చదరంగా ఉంటే ఆగి తీరాలి; చేపతోకలా చీలి ఉంటే ముందు సిగ్నల్ గురించి హెచ్చరిక మాత్రమే. చదువు వచ్చినా రాకపోయినా, ఏ భాషవాడికైనా, అక్షరం కన్నా ముందు ఆకారం అర్థమవుతుంది. తెలుగు, ఒడియా, కువి మాటలు కలిసిపోయిన ఈ నేల మీద అది చిన్న సౌకర్యం కాదు. రాత్రి పూట పచ్చ వెలుగు కోసం రెక్క వెనక కిరోసిన్ దీపం ముందు నీలిరంగు కలిసిన అద్దం పెట్టేవారు. పసుపు మంట ఆ అద్దంలోంచి పచ్చగా కనిపించేది. నూనె పోసి, వత్తి సరిచేయడానికి నిచ్చెన ఎక్కి దిగే మనుషుల శ్రమతోనే ఆ వెలుగు నిలిచింది.

నేల గురించి అందరికన్నా నేరుగా చెప్పింది మాత్రం వాలు స్తంభమే. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటే, రాయగడ 200 మీటర్లకు కొంచెం పైన ఉంది. ఆ తేడాను పట్టాలు కొద్దికొద్దిగా దిగాలి. స్తంభానికి రెండు చేతులు: పైకి లేచినది ఎక్కుడును, కిందికి దిగినది దిగుడును చెబుతుంది, చేతిమీది అంకె 100 అంటే 100 అడుగులు నడిస్తే ఒక అడుగు తేడా. ఆవిరి ఇంజన్ డ్రైవరు ఎక్కడ పొయ్యి రాజెయ్యాలో, ఎక్కడ బ్రేకు పట్టాలో దీన్ని బట్టి లెక్క వేసుకునేవాడు. వాలు బాగా ఎక్కువైన చోట స్టేషన్ పక్కన ఇంకో ఏర్పాటు చేస్తారు: పట్టు తప్పి జారిన పెట్టెలు స్టేషన్‌లోకి గానీ, స్టేషన్ దాటి ముందున్న వరస మీదికి గానీ పోకుండా వాటిని పక్కకు మళ్లించే పట్టాల ముక్క. స్టేషన్ వైపుకు 80కి ఒకటి కన్నా నిటారుగా దిగినా, స్టేషన్ నుంచి బయటికి 100కి ఒకటి కన్నా నిటారుగా దిగినా ఇలాంటి ఏర్పాటు ఉండాలన్నది భారతీయ రైల్వే నియమం. ఆ స్తంభపు అంకెకూ ఈ పట్టాల ముక్కకూ ఉన్న బంధం ఒకచోట నిలబడి చూస్తేనే బోధపడుతుంది. అద్దాల పెట్టెలో పెడితే అది బరువైన ఇనుప ముక్క మాత్రమే.

ఈ సామగ్రిని కాపాడాలన్న మాటకు మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఇవి ప్రమాదపు రోజుల వస్తువులనీ, వాటిని మెచ్చుకోవడం కష్టాన్ని అలంకరించడమేననీ. ఎండకు తీగ సాగి రెక్క పూర్తిగా కదలక ఇబ్బందులు వచ్చిన మాట నిజమే. రంగు దీపాల సిగ్నళ్లు, విద్యుత్ ఇంటర్‌లాకింగ్ వచ్చాక మనిషి తప్పుకు తావు బాగా తగ్గింది. అయితే పాతదాన్ని మళ్లీ వాడమని ఎవరూ అడగడం లేదు. కొత్త భద్రత ఏ కష్టంలోంచి పుట్టిందో చూపించడానికి దాన్ని ఉంచమనే అడుగుతున్నది. రెండో అభ్యంతరం మరింత బలమైనది: నడిచే వరస పక్కన పనిచేయని గుర్తు ఉంటే డ్రైవరుకు గందరగోళం. ఇది ఒప్పుకోవాలి. రైల్వే కూడా వాడుకలో లేని సిగ్నల్ మీద రెండు పట్టీలను అడ్డంగా ఇంటూ గుర్తులా బిగించాలని నియమం పెట్టుకున్నది అందుకే. కాబట్టి నడిచే వరస పక్కన కాకుండా, స్టేషన్ ఆవరణలో, వదిలేసిన పాత కట్ట మీద, ఏ కిలోమీటరు దగ్గరినుంచి తెచ్చారో రాసిపెట్టి నిలపాలి. చోటు నుంచి కదిలించక తప్పకపోతే ఆ చోటు వివరమైనా వెంట రావాలి. డార్జిలింగ్ చిన్న రైలుకు 1999లో, నీలగిరి మార్గానికి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఇంజన్‌కు మాత్రమే కాదు, మొత్తం మార్గానికి వచ్చిందన్నది గమనించాలి.

మూడో అభ్యంతరం రాయగడకు ప్రత్యేకం. ఈ పట్టాలు కొండ మనుషుల కోసం వేసినవి కావు. ఖనిజం, కలప, సరుకు సముద్రానికి పంపడానికి వేసినవి. మరి ఎవరి వారసత్వాన్ని కాపాడుతున్నాం? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. జవాబు కూడా ఆ గుర్తుల్లోనే ఉంది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో నిండు బండ్లు సముద్రం వైపు, ఖాళీ బండ్లు కొండ వైపు సాగుతాయి. ఏ దిక్కుకు బరువు కదిలిందో, ఎవరి అవసరం కోసం కొండను తొలిచారో వాలు స్తంభాలను వరసగా చదివితే కనిపిస్తుంది. ఇంజన్ విగ్రహం రాజావారి వైభవం చెబుతుంది. పట్టాల పక్కన నడిచిన కీమన్, గ్యాంగ్‌మన్, దీపాలు వెలిగించిన మనిషి, కేబిన్‌లో లీవర్ లాగిన మనిషి చేతి పని చిన్న సామగ్రిలోనే మిగిలింది.

ఇంజన్‌కు గౌరవం దక్కి చిన్న సామగ్రి మరుగున పడడానికి గుణుపూర్ మార్గం దగ్గరి ఉదాహరణ. గేజి మార్పు కోసం చిన్న రైలును 2004లో ఆపారు. బ్రాడ్‌గేజి రైలు గుణుపూర్ చేరింది 2011లో. ఆవిరి ఇంజన్లు కొన్ని ప్రదర్శనకు నోచుకున్నాయి. ఆ ఇంజన్లను నడిపించిన గుర్తులకు అలాంటి పేరు రాలేదు. రాయగడ కేంద్రంగా కొత్త రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం, ఈ ప్రాంతపు మార్గాలున్న వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీసింది. కొత్తవలస–బచేలి, కూనేరు–తెరువలి, సింగపూర్ రోడ్–కోరాపుట్, పర్లాకిమిడి–గుణుపూర్ భాగాలు, మొత్తం సుమారు 680 కిలోమీటర్లు, రాయగడకు వెళ్లాయి. మిగిలిన చిన్న భాగం విశాఖపట్నం డివిజన్‌గా ఉంటుంది. దీంతో 1900లో నౌపడా నుంచి వచ్చిన పాత ముక్క ఒక డివిజన్‌లో, 1929–31లో దానికి అతికిన ముక్క మరో డివిజన్‌లో పడ్డాయి. ప్రతి స్టేషన్‌కూ సిగ్నల్ ప్లాను, పని నియమాల పుస్తకం ఉంటాయి. ఏ రెక్క ఏ కిలోమీటరు దగ్గర నిలిచిందో చెప్పగలిగేవి ఆ కాగితాలే. రెండు కార్యాలయాల మధ్య దస్త్రాలు పంచుకునేటప్పుడు పాత ప్లాన్ల నకళ్లు రెండు చోట్లా ఉంచడానికి అయ్యే ఖర్చు చాలా కొద్ది.