పదవ తరగతి ఫలితాలు ఒక చారిత్రక ఆధారం: సిద్దిపేట అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
1. సిద్దిపేట ప్రాంతంలో పబ్లిక్ పరీక్ష ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
2. ఉత్తీర్ణతా శాతాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో తెలుసుకుంటారు.
3. పబ్లిక్ పరీక్షకూ, జాతీయ సాధన సర్వేకూ గల తేడాను చెప్పగలుగుతారు.

1. ప్రస్తావన

శాసనాలు, తామ్రపత్రాలు, కైఫియత్తులు చరిత్రకు ఆధారాలని మీరు వెనుకటి పాఠాలలో చదివారు. ప్రభుత్వం ఏటా ప్రకటించే పదవ తరగతి ఫలితాలు కూడా అలాంటి ఆధారమే. 2022 జూన్ 30న వెలువడిన తెలంగాణ పదవ తరగతి ఫలితాలలో సిద్దిపేట జిల్లా 97.85 శాతం ఉత్తీర్ణతతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడాది రాష్ట్ర ఉత్తీర్ణత 90 శాతం. 79.63 శాతంతో హైదరాబాదు చివరన ఉంది. రాజధానిని వెనుకబడిన ప్రాంతంగా పేరున్న పాత మెదక్ జిల్లాలోని ఒక భాగం దాటిపోవడం చిన్న విషయం కాదు. అయితే చరిత్ర విద్యార్థి ఈ అంకెను చూసి సంతోషించి ఊరుకోకూడదు. శాసనం దొరికినప్పుడు ఎవరు వేయించారు, ఎప్పుడు, ఎందుకు, అందులో చెప్పనిదేమిటి అని అడిగినట్లే దీనినీ అడగాలి.

2. పరీక్ష ఏ భాషలో జరిగింది?

రాతపరీక్ష ద్వారా మనుషులను ఎంచే పద్ధతి చైనాలో శతాబ్దాల పాటు సాగి 1905లో రద్దయింది. మన దేశంలో 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షను ప్రవేశపెట్టింది. హైదరాబాదు సంస్థానంలో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా తీసుకుంది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య అందించిన గొప్ప ప్రయోగమది. కానీ దాని వల్ల ఉన్నత పాఠశాల చదువు కూడా ఉర్దూలోనే సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడే మెదక్, కరీంనగర్ పల్లెల పిల్లవాడు గణితం కన్నా ముందు గణితం చెప్పే భాషను నేర్చుకోవలసి వచ్చింది.

సిద్దిపేటకు ఉత్తరాన ఉన్న సిరిసిల్ల ప్రాంతంలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, తరువాత తెలుగు ఆచార్యుడై, జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. ఆ గోడ దాటినవారిని చరిత్ర గుర్తుపెట్టుకుంటుంది. దాటలేక బడి మానినవారికి లెక్క లేదు. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రమహాసభ మొదలుకొని మాతృభాషలో చదువు కావాలన్న కోరిక బలంగా వినిపించడానికి కారణం ఇదే. 1951 జనగణన నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతం లోపే ఉంది. అంటే ఆనాడు పరీక్ష తప్పినవారి కన్నా పరీక్ష గది గుమ్మం చూడనివారే ఎన్నో రెట్లు ఎక్కువ.

3. పది తరగతుల చదువు

1948 తరువాత పాఠశాలల్లో ప్రాంతీయ భాషలకు చోటు దొరికింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో వేర్వేరు పాఠశాల పద్ధతులు నడుస్తున్నాయి. 1964-66 కొఠారి కమిషన్ సిఫారసుల తరువాత దేశమంతటా ఒకే రీతి చదువు వైపు అడుగులు పడ్డాయి. మన రాష్ట్రంలో 1969-70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ ప్రారంభమై, దానికి ముందు పదవ తరగతి పబ్లిక్ పరీక్ష అన్న నేటి రూపం స్థిరపడింది.

ఈ పరీక్షకు ఒక గీత ఉంది. నూటికి 35 వస్తే ఉత్తీర్ణత, 34 వస్తే కాదు. ద్వితీయ భాషకు మాత్రం 20 చాలు. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు, పాలకులు నిర్ణయించినవి. అయినా వాటి పైనే మనుషుల బతుకులు అటో ఇటో తిరిగాయి.

ఈ వ్యాసకర్త పదవ తరగతి రాసిన 1970లలో ఫలితాలు దినపత్రికలో వచ్చేవి. హాల్ టికెట్ నంబర్లే తప్ప పేర్లుండవు. పత్రిక వచ్చే బస్సు కోసం పొద్దున్నే వెళ్ళి నిలబడేవాళ్ళం. మా తరగతిలో ఒక నేత కుటుంబపు అబ్బాయి నంబరు ఆ వరుసలో లేదు. తరువాత మార్కుల పత్రం వచ్చింది. గణితంలో 31. ఆ ఏడాది మా బడిలో నాలుగైదు నెలల పాటు గణితం చెప్పే పంతులే లేడు. ఉపాధ్యాయుని ఖాళీ ఏ మార్కుల పత్రంలోనూ ఎక్కలేదు. లోపం మాత్రం పిల్లవాడి పేరు మీద ఎక్కింది. అతను మగ్గం మీద కూర్చున్నాడు. 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం పదవ తరగతి, ఇంటర్ ధ్రువపత్రాలు లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. కొన్నేళ్ళ తరువాత అతను ఆ దారిలోనే చదువుకు తిరిగి వచ్చాడు. ఈ పుస్తకం చదువుతున్న మీలోనూ అలాంటివారు ఉండవచ్చు. మీ నాటి ఫలితం మీ గురించి ఎంత చెప్పిందో, మీ బడి గురించి ఎంత దాచిందో మీకే బాగా తెలుసు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఉస్మానియా కాలంలో ఉన్నత పాఠశాల బోధనాభాష తెలుగు విద్యార్థులపై ఎలాంటి ప్రభావం చూపింది?

4. కొలబద్ద మారినప్పుడు

రెండు సంవత్సరాల ఫలితాలను పోల్చాలంటే ముందు పరీక్ష ఒకటేనా అని చూడాలి. 2012లో మార్కుల స్థానంలో గ్రేడులు, వాటి సగటుగా జీపీఏ వచ్చాయి. 91 నుండి 100 వరకు ఎంత వచ్చినా పది పాయింట్లే. 2015 నుండి బాహ్య పరీక్షకు 80 మార్కులు, పాఠశాలే వేసే అంతర్గత మదింపుకు 20 మార్కులుగా విభజించి, మొత్తం పదకొండు పేపర్లు పెట్టారు. అంతర్గత మదింపులో 20కి 20 పడిన విద్యార్థికి పది పాయింట్లు రావడానికి బాహ్య పరీక్షలో 71 మార్కులు చాలు. 14 పడిన విద్యార్థికి 77 కావాలి. అంటే ఆ 20 మార్కులను ఏ బడి ఎంత నిక్కచ్చిగా వేసిందన్నది కూడా ఫలితంలో కలిసిపోయింది.

కొవిడ్ కాలం దీనిని మరింత స్పష్టంగా చూపింది. 2020 మార్చిలో మొదలైన పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి. జూన్ 8న ప్రభుత్వం విద్యార్థులందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించి, అంతర్గత మార్కుల ఆధారంగా గ్రేడులు ఇచ్చింది. 2021లో కూడా పరీక్ష జరగలేదు. ఆ ఏడాది పది జీపీఏ పొందినవారు రెండు లక్షలకు పైగా ఉన్నారు. 2022లో పరీక్ష తిరిగి జరిగింది. పది జీపీఏ పొందినవారు పదకొండు వేల పైచిలుకు మాత్రమే. ఒక్క ఏడాదిలో పిల్లల తెలివి అంతగా తరిగిపోదు కదా! తరిగింది తెలివి కాదు, మారింది కొలబద్ద.

సిద్దిపేట మొదటి స్థానం వచ్చింది ఈ 2022 పరీక్షలోనే. ఆ ఏడాది పాఠ్యాంశాన్ని 70 శాతానికి తగ్గించారు, పేపర్లను ఆరుకు కుదించారు, ప్రశ్నల ఎంపిక పెంచారు. ఇది సిద్దిపేట శ్రమను తక్కువ చేసే మాట కాదు. ఆ సడలింపు అన్ని జిల్లాలకూ సమానమే. కనుక అదే ఏడాదిలో జిల్లాలను పోల్చవచ్చు గానీ, 2022 శాతాన్ని 2019 శాతం పక్కన పెట్టి చదువు పెరిగిందనో తరిగిందనో చెప్పలేము.

5. సిద్దిపేటలో ఏం జరిగింది?

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. పాత మెదక్ జిల్లా మండలాలకు కరీంనగర్ నుండి హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి, వరంగల్ నుండి చేర్యాల, మద్దూరు వంటివి చేరాయి. కాబట్టి 2016కు ముందు ‘సిద్దిపేట జిల్లా ఫలితం’ అనేది లేదు. పాత మెదక్ అంకెను దీనితో పోల్చడం రెండు వేర్వేరు భూభాగాలను పోల్చడమే.

మంచి ఫలితాల వెనుక కనబడే కృషి ఉంది. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, వెనుకబడిన పిల్లలపై విడిగా శ్రద్ధ, తల్లిదండ్రులను కదిలించడం ఇందులో ముఖ్యం. అప్పటి మంత్రి, స్థానిక శాసనసభ్యుడు తన్నీరు హరీశ్‌రావు పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరాలు రాశారు. సిద్దిపేట పట్టణంలోని ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సీటు కోసం తల్లిదండ్రులు బారులు తీరారు. ప్రైవేటు బడులవైపు పరుగు సాగుతున్న కాలంలో ప్రభుత్వ బడి ముందు వరుస కనబడడం చరిత్రకారుడు నమోదు చేయదగిన సంగతి. పైగా ఆ తల్లిదండ్రుల్లో అందరూ శాతాలను లెక్కగట్టి వచ్చినవారు కారు. పక్కింటి పిల్ల చదువు చూసి వచ్చినవారే ఎక్కువమంది ఉంటారు.

ఇక ర్యాంకు సంగతి. 2024లో సిద్దిపేట శాతం 98.65కు పెరిగింది. కానీ నిర్మల్ 99.05 సాధించడంతో స్థానం రెండుకు దిగింది. శాతం పెరిగి ర్యాంకు తగ్గింది. కొసన ఉన్న జిల్లాల మధ్య తేడా అర శాతం లోపే ఉన్నప్పుడు, ర్యాంకును చదువు నాణ్యతకు కొలతగా తీసుకోవడం తొందరపాటు. జిల్లా శాతంలో ప్రభుత్వ, జిల్లా పరిషత్, గురుకుల, ఆదర్శ, కస్తూర్బా, ప్రైవేటు పాఠశాలలన్నీ కలిసి ఉంటాయని కూడా మరచిపోకూడదు. ప్రభుత్వ బడి కథ కావాలంటే ఆ వరుసను విడిగా చూడాలి.

6. అంకె చెప్పని విషయాలు

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక ఊరిలో 100 మంది ఒకటో తరగతిలో చేరారనుకోండి. పదవ తరగతికి 60 మంది చేరి, 57 మంది ఉత్తీర్ణులైతే ఫలితం 95 శాతం. కానీ చేరినవారి లెక్కన అది 57 శాతమే. రెండు అంకెలూ నిజమే. మొదటిది బడి గోడ మీద రాస్తారు, రెండవది ఎవరూ రాయరు. 2011 జనగణనలో ఉమ్మడి మెదక్ జిల్లా అక్షరాస్యత 61.4 శాతం, రాష్ట్రంలోని నేటి తెలంగాణ ప్రాంతానిది 66.5 శాతం. అందువల్ల ఉత్తీర్ణతా శాతం పక్కన ఎప్పుడూ చేరిక, బడి మానివేత లెక్కలు పెట్టి చదవాలి.

మరొక ఆధారం జాతీయ సాధన సర్వే. 2017 నవంబరు 13న 3, 5, 8 తరగతులకు, 2018 ఫిబ్రవరి 5న పదవ తరగతికి, 2021 నవంబరు 12న ఈ నాలుగు తరగతులకూ దీనిని నిర్వహించారు. ఇది అందరికీ కాదు, ఎంపిక చేసిన బడుల పిల్లలకే. ఇందులో ఎవరూ ఉత్తీర్ణులు కారు, తప్పరు. పిల్లవాడికి మార్కుల పత్రం రాదు, జిల్లాకు నివేదిక వస్తుంది. పబ్లిక్ పరీక్ష ‘ఈ విద్యార్థి పై తరగతికి వెళ్ళవచ్చునా?’ అని అడుగుతుంది. సర్వే ‘ఇక్కడి పిల్లలకు చదువు ఎంత వంటబట్టింది?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవ ప్రశ్నకు అతికించడమే మనం తరచుగా చేసే పొరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
2021, 2022 పది జీపీఏ సంఖ్యల మధ్య తేడాకు కారణమేమిటి?

7. సారాంశం

పదవ తరగతి ఫలితం విలువైన ఆధారం, కానీ అది ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. పరీక్ష భాష, ఉత్తీర్ణతా గీత, అంతర్గత మార్కులు, జిల్లా సరిహద్దులు మారిన ప్రతిసారీ అంకె అర్థం మారింది. సిద్దిపేట ప్రభుత్వ బడులు సాధించినది నిజమైన విజయమే. దానిని గౌరవించడమంటే ర్యాంకును పదే పదే చెప్పుకోవడం కాదు, ఎవరు ఆ గది దాకా రాలేకపోయారో కూడా అడగడం. 2025లో జీపీఏ తొలగి మార్కులు మళ్ళీ పత్రంలోకి వచ్చాయి. రేపటి చరిత్రకారుడు ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

8. నమూనా పరీక్షా ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్న: ఉత్తీర్ణతా శాతాన్ని చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను సిద్దిపేట ఉదాహరణతో వివరించండి.
ఆ) సంక్షిప్త ప్రశ్న: జాతీయ సాధన సర్వేకూ పబ్లిక్ పరీక్షకూ గల తేడాలు రాయండి.
ఇ) అభ్యాసం: మీ ఊరి ఉన్నత పాఠశాలలో అనుమతి తీసుకొని ఏవైనా మూడు సంవత్సరాల పదవ తరగతి ఫలితాలను, అదే పిల్లలు ఆరవ తరగతిలో చేరిన నాటి సంఖ్యతో కలిపి పట్టికగా రాయండి. మధ్యలో తగ్గినవారు ఏమయ్యారో ఊరి పెద్దలను అడిగి ఒక పేజీలో వివరించండి.