తుమ్మపొదల వెనక ఎవరున్నారు?

మిత్రులారా, పోయిన నెల మా కాలేజీలో డిగ్రీ పిల్లలను తలా ఒక కథ రాసి తెమ్మన్నాను. మన వాడ పిల్లాడే ఒకడు క్రైమ్ థ్రిల్లర్ రాసుకొచ్చాడు. జహీరాబాద్ పక్కన పల్లె, చెరుకు తోట, దాని వెనక సర్కారు తుమ్మల పొదలు, పొదల్లో శవం. బాగా చదివించింది. చివరికి హంతకుడు ఎవరంటే, ఊరి బయట గుడిసె వేసుకున్న సంచార జాతి మనిషి. "వాణ్నే ఎందుకు పెట్టినవ్ రా?" అని అడిగితే, "కథకు సూట్ అయితడు మేడం" అన్నాడు.

నేను వాణ్ని తిట్టలేదు. ఆ మనిషి కథకు 'సూట్' కావడానికి దాదాపు 200 ఏళ్లు పట్టింది. ఈ వారం ఆ చరిత్ర చెప్పుకుందాం.

ఫిలిప్ మెడోస్ టేలర్ 1824లో నిజాం కొలువులో చేరిన ఇంగ్లీషు అధికారి. దక్కన్‌లో సైనికోద్యోగం చేశాడు, పోలీసు పనీ చేశాడు. 1839లో లండన్‌లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అనే నవల అచ్చు వేయించాడు. అమీర్ అలీ అనే ఖైదీ, తాను చేసిన హత్యలను ఒక తెల్లదొరకు వరసగా చెప్పుకుంటూ పోతాడు. బాటసారులతో స్నేహం చేయడం, నిర్జన ప్రదేశం చూసి రుమాలుతో గొంతు బిగించడం, ముందే తవ్విన గుంతలో పూడ్చడం. ఇంగ్లండులో ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మన వైపు దారులు, తోపులు, వాగులు పాఠకుణ్ని భయపెట్టే సరుకుగా అచ్చులోకి ఎక్కింది అట్లా.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. చెప్పేవాడు ఖైదీ, రాసుకునేవాడు పోలీసు. కథంతా 'ఒప్పుకోలు'. నిజం కేసులు కూడా అట్లాగే నడిచాయి. అప్రూవర్‌గా మారిన ఖైదీ వేలు చూపిస్తే అవతలి మనిషి దొంగ అయ్యేవాడు. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు చేయనక్కర లేదు. థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవం. దారుల్లో హత్యలు జరగలేదని నేను అనడం లేదు. శిక్ష పనికి కాకుండా, పుట్టిన గుంపుకు పడే పద్ధతి అక్కడ మొదలైంది అంటున్నాను.

ఆ పద్ధతే 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అయ్యింది. 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకల వాళ్ల లాంటి జాతులను జాతులుగానే రిజిస్టర్లో ఎక్కించారు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఒక సెటిల్‌మెంట్ పెట్టించారు. దానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కానీ తెలుగువాళ్ల నోట్లో ఆ ఊరి పేరు తిట్టుగా మిగిలిపోయింది.

చట్టం వదిలిపెట్టినదాన్ని థ్రిల్లర్ అందుకుంది. 1991 జనవరిలో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' సినిమా వచ్చింది. మన పేరున్న థ్రిల్లర్ రచయిత యండమూరి వీరేంద్రనాథ్ దర్శకుడు, చిరంజీవి హీరో. ఆ నెలలోనే 'స్టూవర్టుపురం దొంగలు' కూడా విడుదలైంది. ఆ సినిమాల మంచీచెడ్డా నా విషయం కాదు. పోస్టరు మీద ఒక నిజమైన ఊరి పేరు వేస్తే చాలు, నేరం అని జనానికి అర్థమైపోయిందే, అది చూడండి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' కూడా ఆ ఊరి మీదనే నడిచింది.

ఇప్పుడు అదే 1991కి, అదే గుంటూరు జిల్లాకు రండి. ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను పొలాల వెంట తరిమి చంపారు. శవాలను గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. ఆరేళ్ల ముందు, 1985 జూలై 17న కారంచేడు జరిగింది. పొలాలు, కాలువ, సంచిలో శవం: క్రైమ్ థ్రిల్లర్‌కు కావాల్సిన సామానంతా ఇక్కడుంది. అయినా చుండూరు పేరు విన్నవాళ్లెవరూ దాన్ని 'నేరస్థుల ఊరు' అనలేదు. చంపినవాళ్ల కులాన్ని ఎవరూ ఏ రిజిస్టర్లోనూ ఎక్కించలేదు. ఎక్కించమని మనం అడగలేదు కూడా. ఏ కులాన్నీ అట్లా ఎక్కించకూడదు.

చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది, నేరం రుజువు కాలేదని. 1836లో ఒక అప్రూవర్ మాటతో జీవితాంతం జైల్లో వేయగలిగారు. చుండూరులో కళ్లారా చూసినవాళ్ల మాట పై కోర్టులో నిలబడలేదు.

అందుకే మామూలు థ్రిల్లర్ సూత్రం మన పల్లెకు సరిపోదు. అక్కడ 'ఎవరు చంపారు?' అనేది చివరి పేజీ దాకా దాస్తారు. మన దగ్గర ఎవరు చంపారో తెల్లారేసరికి ఊరందరికీ తెలుసు. ఉత్కంఠ ఇంకో చోట ఉంది: సాక్ష్యం చెప్పడానికి ఎవరు వస్తారు? వచ్చిన మనిషికి రేపు కూలి దొరుకుతుందా? ఆమె మాటను ఎవరైనా నమ్ముతారా? ఇంతకంటే పెద్ద సస్పెన్స్ నాకు తెలియదు. దీన్ని మన కవిత్వం పట్టుకుంది, పాట పట్టుకుంది. నేరకథ మాత్రం ఇంకా పూర్తిగా అందుకోలేదు.

మన జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలోది, అంటే అదే నిజాం దక్కన్. టేలర్ కథలో నోరు విప్పేది ఖైదీ, కలం పట్టేది పోలీసు. 2008లో ఇక్కడి మాచ్‌నూరులో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్ల మాట వాళ్లే చెప్పుకున్నారు, మధ్యలో రాసుకునే దొర లేడు. అది ఒప్పుకోలు కాదు.

మా పిల్లాడికి కథ తిరిగి ఇచ్చాను. "పొదలు అట్లనే ఉంచు, శవం అట్లనే ఉంచు. ఆ గుడిసెల మనిషిని హంతకుడిగా కాదు, చూసినవాడిగా రాయి" అన్నాను. "అయితే వాణ్ని ఎవరు నమ్ముతరు మేడం?" అన్నాడు.

అదే కథ రా, అక్కడి నుంచి మొదలుపెట్టు అన్నాను.

జై భీమ్. మిగతాది వచ్చే వారం.