ముఖం లేని కథానాయకుడు: తెరపై మక్కా, పాత్రధారుల తగవు

తెలుగు ప్రేక్షకులకు కృష్ణుడి ముఖం 1957లో ఖరారైంది. అంతకు మూడేళ్ళ ముందు ‘ఇద్దరు పెళ్ళాలు’ చిత్రంలో అదే రామారావు కృష్ణవేషంలో కనిపిస్తే హాళ్ళలో అల్లరి రేగిందని, ఆ చేదు జ్ఞాపకం వల్లనే ‘మాయాబజార్’కు ఆయన వెనుకాడారని, కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించారని చెబుతారు. 1988లో బాట్‌మన్ పాత్రకు హాస్యనటుడిగా పేరుపడ్డ మైకేల్ కీటన్‌ను ఎంచుకున్నందుకు వార్నర్ బ్రదర్స్ సంస్థకు అభిమానుల నుంచి సుమారు 50,000 నిరసన లేఖలు అందాయంటారు. రెండుచోట్లా ప్రశ్న ఒక్కటే: అందరి మనసుల్లో ముందే నెలకొన్న మూర్తికి ఈ మనిషి తగునా? రెండుచోట్లా చివరి తీర్పు తెరమీదే వెలువడింది. వేషం చూశాక జనం మాట మార్చుకున్నారు.

మక్కా కథను సినిమాగా తీయబూనిన వారికి ఈ వెసులుబాటు లేదు. అక్కడ కథానాయకుడి ముఖాన్ని చూపడమే నిషిద్ధం. 1926లో ఈజిప్టు రంగస్థల నటుడు యూసుఫ్ వహ్బీ ముహమ్మద్ ప్రవక్త పాత్ర ధరించడానికి ఒప్పుకున్నాడని తెలియగానే అల్ అజ్‌హర్ విద్వాంసులు వ్యతిరేకించారు. పౌరసత్వం రద్దు చేస్తానని ఫువాద్ రాజు హెచ్చరించాడు. వహ్బీ తప్పుకున్నాడు. ఒక్క అడుగు చిత్రీకరణ కూడా జరగకముందే ముగిసిన వివాదం అది.

అర్ధశతాబ్దం తరువాత ఆ కథనే మళ్ళీ చేపట్టినవాడు ముస్తఫా అక్కాద్. సిరియాలోని అలెప్పోలో పుట్టి, అమెరికాలో సినిమా చదువు చదివి, హాలీవుడ్‌లో స్థిరపడిన ముస్లిం. 1976లో వెలువడిన అతని చిత్రానికి అరబ్బీలో ‘అర్రిసాలా’, ఇంగ్లీషులో ‘ది మెసేజ్’ అని పేర్లు. ఇందులో ప్రవక్త కనిపించరు, వారి స్వరం వినిపించదు. భార్యలు, కుమార్తెలు, తొలి నలుగురు ఖలీఫాలు కూడా తెరమీదకు రారు. ప్రవక్త ఉన్న సన్నివేశాల్లో కెమెరాయే వారి చూపు అవుతుంది. ఎదుటి పాత్రలు కెమెరా వైపు తిరిగి మాట్లాడి, వినబడని జవాబుకు తలలూపుతాయి. బద్ర్ యుద్ధఘట్టంలో అలీకి బదులు ఆయన ఖడ్గం కనిపిస్తుంది. రెండు మొనలున్న ఆ కత్తి చాలు, ఎవరిదో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

కాని మూడు గంటల కథకు కంటికి ఆనే వీరుడొకడు కావాలి. ఆ భారం ప్రవక్త పినతండ్రి హమ్‌జా మీద పడింది. సింహాల వేటనుంచి తిరిగివచ్చి, ప్రవక్తను అవమానించినవాణ్ణి నడివీధిలో కొట్టే హమ్‌జా ప్రవేశఘట్టం ఏ మాస్ కథానాయకుడి ప్రవేశానికీ తీసిపోదు. ఆ పాత్రకు ఇంగ్లీషులో ఆంథొనీ క్విన్, అరబ్బీలో ఈజిప్టు నటుడు అబ్దుల్లా గైత్. హింద్ పాత్రకు అక్కడ ఐరీన్ పాపస్, ఇక్కడ సిరియా నటి మునా వాసిఫ్. గొంతు మార్చి సరిపెట్టక, ఒకే సెట్టులో రెండు బృందాలతో రెండు చిత్రాలు తీశారు. తెలుగు, తమిళ ‘మాయాబజార్’లలో అభిమన్యుడు అక్కినేని, జెమినీ గణేశన్‌లుగా మారడం ఎరిగిన వారికి ఇది వింత కాదు. క్విన్‌ను చూస్తే జోర్బా గుర్తుకొస్తాడు. గైత్ హమ్‌జా మాత్రం ఆ నేల మనిషిలా ఉంటాడు. రెండింటిలో అరబ్బీ రూపమే మేలనిపించడానికి భాష ఒక్కటే కారణం కాదు.

అసలు మక్కాలో ఇదంతా తీయడం ఊహకందనిది. ముస్లిమేతరులకు ఆ నగరంలో ప్రవేశం లేదు. పైగా కథకు కావలసింది విగ్రహాలతో నిండిన ఏడవ శతాబ్దపు కాబా. అందువల్ల మొరాకోలో, మర్రాకేష్ సమీపాన, మక్కాను సెట్టుగా కట్టారు. మొదట స్క్రిప్టును ఆమోదించిన అల్ అజ్‌హర్ తరువాత వెనక్కి తగ్గింది. మక్కా కేంద్రంగా 1962లో ఏర్పడిన ప్రపంచ ముస్లిం లీగ్ చిత్రాన్ని నిరాకరించింది. సౌదీ ఒత్తిడితో మొరాకో అనుమతి ఉపసంహరించుకోగా, గడాఫీ అండతో మిగిలిన భాగం లిబియాలో పూర్తయింది.

ఇంతలో ఒక వదంతి చిత్రం కంటే ముందు నడిచింది: ప్రవక్త పాత్రను క్విన్ పోషిస్తున్నాడని. చిత్రానికి మొదట పెట్టిన ‘ముహమ్మద్, దేవుని ప్రవక్త’ అన్న పేరు, ప్రచారంలో క్విన్ పేరు కలిసి చూసినవారికి ఆ అనుమానం రావడం సహజమే. 1977 మార్చి 9న, అమెరికాలో చిత్రం విడుదలైన రోజునే, హమాస్ అబ్దుల్ ఖాలిస్ నాయకత్వంలో 12 మంది సాయుధులు వాషింగ్టన్‌లో మూడు భవనాలను ఆక్రమించి దాదాపు 150 మందిని బందీలుగా పట్టుకున్నారు. 1973లో తన కుటుంబసభ్యులను హత్యచేసినవారిని తనకు అప్పగించాలన్నది ఖాలిస్ ప్రధాన కోరిక. ఈ చిత్రాన్ని ఆపాలన్నది మరొకటి. ఒక యువ రేడియో విలేఖరి ప్రాణం పోయింది. ప్రదర్శనలు ఆపివేశారు. చిత్రాన్ని వారికే చూపిస్తాననీ, అభ్యంతరకరమని తేలితే తగలబెడతాననీ అక్కాద్ అన్నట్టు చెబుతారు. మూడోరోజు తెల్లవారేలోపు బందీలు విడుదలయ్యారు.

కీటన్ మీద ఉత్తరాలు రాసినవారు కనీసం ఉన్న ఎంపిక మీద కోప్పడ్డారు. వాషింగ్టన్‌లో చిత్రం మీద రేగిన కోపం ఎన్నడూ జరగని పాత్రధారణ మీద. ముఖం చూపకూడదన్న నియమాన్ని దర్శకుడు అక్షరాలా పాటించినా, చూపలేదని రుజువు చేయాలంటే చిత్రం చూపాలి. దాన్ని ఆపమన్నవారు చూడలేదు.

నియమపు హద్దు మాత్రం అక్కడే ఆగిపోలేదు. 2012 రంజాన్ నెలలో ఎమ్‌బీసీ ప్రసారం చేసిన ‘ఒమర్’ ధారావాహికలో రెండవ ఖలీఫాగా సిరియా నటుడు సామెర్ ఇస్మాయిల్, అబూబకర్‌గా ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’లో సలాహుద్దీన్‌గా కనిపించిన గస్సాన్ మసూద్ నటించారు. అక్కాద్ దాచిన ముఖాలివి. అల్ అజ్‌హర్ మళ్ళీ అభ్యంతరం చెప్పింది, సౌదీ మతపెద్దలు కొందరు ఖండించారు. 31 భాగాలూ ప్రసారమయ్యాయి.

సౌదీ అరేబియాలో దశాబ్దాలపాటు మూతపడ్డ సినిమాహాళ్ళు 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో మళ్ళీ తెరుచుకున్నాయి. తొలి ప్రదర్శన ఒక సూపర్‌హీరో చిత్రం, ‘బ్లాక్ పాంథర్’. ఆ జూన్‌లో, ఈద్ సమయాన, ఒకనాడు లీగ్ కాదన్న ‘అర్రిసాలా’ కొత్తగా మెరుగుపరిచిన ప్రతితో సౌదీ తెరమీదకు వచ్చింది. చూడడానికి అక్కాద్ లేడు. 2005 నవంబరులో అమ్మాన్ హోటళ్ళలో జరిగిన బాంబుపేలుళ్ళలో అతనూ, అతని కూతురూ మరణించారు.