ఐసెట్‌లో గణిత, తార్కిక ప్రశ్నల అభ్యాసం

ఐసెట్ అనేది తెలంగాణలోని ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. కోర్సులలో ప్రవేశానికి నిర్వహించే రాష్ట్రస్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష. రాష్ట్ర విభజన తరువాత 2015 నుండి తెలంగాణకు ఈ పరీక్ష విడిగా జరుగుతున్నది. 2024 వరకు దీనిని వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయం నిర్వహించింది. 2025లో ఆ బాధ్యత నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికి లభించింది. ఆ సంవత్సరం పరీక్ష జూన్ 8, 9 తేదీలలో జరిగింది. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి ఈ పరీక్షకు వచ్చేవారిలో బి.ఏ., బి.కాం. చదివి, పదవ తరగతి తరువాత గణితం ముట్టనివారు చాలామంది ఉంటారు. వీరికి ఈ పరీక్షలోని ప్రధాన సమస్య గణిత, తార్కిక విభాగాలే.

పరీక్ష స్వరూపం

మొత్తం ప్రశ్నలు 200, మార్కులు 200, సమయం 150 నిమిషాలు. విశ్లేషణా సామర్థ్యం నుండి 75, గణిత సామర్థ్యం నుండి 75, ఆంగ్ల భావవ్యక్తీకరణ నుండి 50 ప్రశ్నలు ఉంటాయి. అంటే నాలుగింట మూడు వంతుల మార్కులు లెక్కలకు, తర్కానికే చెందుతాయి. ఈ రెండు విభాగాల ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. 2018 నుండి పరీక్ష కంప్యూటరుపై జరుగుతున్నది. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు.

అర్హతకు 25 శాతం, అనగా 50 మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి కనీస మార్కుల నిబంధన లేదు. ఇక్కడ ఒక విషయం గమనించదగినది. ప్రతి ప్రశ్నకు నాలుగు ఐచ్ఛికాలు ఉంటాయి కనుక ఏమీ చదవకుండా 200 ప్రశ్నలకూ గుడ్డిగా గుర్తులు పెట్టినా సగటున 50 మార్కులు రావచ్చును. కనుక అర్హత సాధించడం గొప్ప కాదు. కోరిన కళాశాలలో సీటు వచ్చేది ర్యాంకును బట్టి. మార్కులు సమానమైనపుడు ముందుగా విశ్లేషణా విభాగం మార్కులను, తరువాత గణిత విభాగం మార్కులను చూస్తారు.

స్థానిక నేపథ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం మాత్రమే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలలో ఇదే చివరిది. నల్గొండది సుమారు 64 శాతం. వలస కూలీల కుటుంబాల నుండి మొదటిసారిగా డిగ్రీ వరకు వచ్చిన విద్యార్థులు ఇక్కడ ఎక్కువ. ఉన్నత విద్య దగ్గరకు వచ్చింది కూడా ఇటీవలనే: నల్గొండ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ రెండు పట్టణాలలోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రాలు మాత్రమే ఉండేవి.

అయితే ఈ విద్యార్థులకు లెక్క రాదనుకోవడం పొరపాటు. బోరుబావికి అప్పు తెచ్చిన ఇంట్లో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. 15,000 రూపాయలకు పది నెలల వడ్డీ 3,000 రూపాయలని నోటితో చెప్పగలరు. అదే ప్రశ్న "సంవత్సరానికి 24 శాతం బారువడ్డీ" అని కనబడితే తడబడతారు. లోపించినది లెక్క కాదు, దాని పుస్తక భాష. అందువలన అభ్యాసాన్ని ఎనిమిది నుండి పదవ తరగతి వరకు గల గణిత పాఠ్యపుస్తకాలతో ప్రారంభించడం ఉత్తమం. గణిత విభాగంలోని అంశాలలో అధిక భాగం ఈ పుస్తకాలలోనివే. సగటు, మధ్యగతం, బాహుళకం, క.సా.గు. వంటి పదాలను వాటి ఆంగ్ల రూపాలతో జతగా గుర్తుంచుకోవాలి.

కొన్ని నమూనా ప్రశ్నలు

విశ్లేషణా విభాగంలో విద్యార్థులు ఎక్కువగా మోసపోయేది దత్తాంశ పర్యాప్తత ప్రశ్నలలో. వీటిలో జవాబు కనుగొనడం కాదు, ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అన్నది తేల్చాలి. ఉదాహరణకు, ప్రశ్న: ఒక సంఖ్య విలువ ఎంత? మొదటి వాక్యం: దాని వర్గం 49. రెండవ వాక్యం: అది ధన సంఖ్య. తొందరపడినవారు 7 అనుకొని మొదటి వాక్యమే చాలునని గుర్తిస్తారు. కాని రుణ 7 వర్గం కూడా 49 కనుక రెండు వాక్యాలూ కలిస్తేనే జవాబు వస్తుంది.

వారాల లెక్క మరొక తరహా. 1947 ఆగస్టు 15 శుక్రవారం. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17 ఏ వారం? 1948 లీపు సంవత్సరం కనుక 1948 ఆగస్టు 15 నాటికి 366 రోజులు, అక్కడి నుండి సెప్టెంబరు 17కు 33 రోజులు; మొత్తం 399. దీనిని 7తో భాగిస్తే శేషం సున్న, కనుక అది కూడా శుక్రవారమే. ఫిబ్రవరి 29ని మరచినవారికి గురువారం వస్తుంది. ఆ తప్పుడు జవాబు కూడా ఐచ్ఛికాలలో ఉండే అవకాశం ఎక్కువ.

ఒక బస్సు నల్గొండ నుండి హైదరాబాదుకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, 60 కిలోమీటర్ల వేగంతో తిరిగి వస్తే సగటు వేగం 50 కాదు, 48. అసలు దూరంతో పని లేదు. 40, 60ల క.సా.గు. 120ని దూరంగా తీసుకుంటే పోవడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. 240ని 5తో భాగిస్తే చాలు. ఇటువంటి అనుకూల సంఖ్యను ఎన్నుకునే అలవాటు కాలం-పని, శాతాల ప్రశ్నలకూ పనికివస్తుంది.

సంకేత భాష ప్రశ్నలకు ఆంగ్ల అక్షరాల స్థానాలు కంఠస్థం కావాలి. ఇ-5, జె-10, ఓ-15, టి-20, వై-25 గుర్తుంటే మిగిలినవి పక్క నుండి లెక్కించవచ్చును.

సమయ పాలన

ఒక్కో ప్రశ్నకు సగటున 45 సెకన్లు వస్తాయి. లెక్కింపు అవసరం లేని ఆంగ్ల విభాగాన్ని 25 నిమిషాలలో ముగిస్తే మిగిలిన 150 ప్రశ్నలకు 50 సెకన్ల చొప్పున దొరుకుతుంది. కాలిక్యులేటరు అనుమతించరు కనుక 20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు నోటికి రావాలి. పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకొని సాధించాలి. తప్పినవాటిని, తెలియక తప్పినవి, తొందరలో తప్పినవి అని వేరుగా వ్రాసుకోవాలి. రెండవ జాబితాకు కొత్త పాఠం అక్కర లేదు. కంప్యూటరు అలవాటు లేనివారు కొన్ని నమూనా పరీక్షలనైనా తెరపై వ్రాయడం అవసరం. కాగితంపై ప్రశ్న పక్కనే లెక్క చేసే అలవాటు తెరపై సాగదు.

చివరి ఐదు నిమిషాలలో మిగిలిన ప్రశ్నలన్నింటికీ ఏదో ఒక జవాబు గుర్తించాలి. ఐ.ఐ.ఎం.ల ప్రవేశానికి జరిగే క్యాట్ పరీక్షకు కూడా సిద్ధమయ్యేవారు ఈ అలవాటును అక్కడికి తీసుకుపోరాదు. అందులో ఐచ్ఛికాలు గల ప్రశ్నకు తప్పు జవాబిస్తే ఒక మార్కు పోతుంది.