నాట్యం అన్నం పెడుతుందా?

మా ఇంట్లో ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. మొదటిసారి అడిగింది నేను. రెండోసారి జవాబు చెప్పాల్సి వచ్చిందీ నేనే.

మొదటిసారి 1994లో. మా అమ్మాయి అప్పటికి ఎనిమిదేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. న్యూజెర్సీలో ఆ రోజుల్లో నాట్యం క్లాసంటే ఎవరింటి బేస్‌మెంటులోనో, శనివారం పొద్దున, టేపు రికార్డరు పెట్టుకుని జరిగేది. హైస్కూలు చివరి ఏడాదిలో బడివాళ్ళు పిల్లల్ని న్యూయార్కు తీసుకెళ్ళి ఆల్విన్ ఎయిలీ కంపెనీ ప్రదర్శన చూపించారు. ఇంటికొచ్చిన అమ్మాయి భోజనాల దగ్గర "నాన్నా, నేను డాన్సే చదువుతాను" అంది. నేను కేకలు వేయలేదు. "చదువుకో అమ్మా, కానీ అన్నం ఎవరు పెడతారు?" అని మాత్రం అడిగాను. జవాబు దానికి తెలియదు, నాకూ తెలియదు. నాకే జవాబు తెలియని ప్రశ్న వేసి గెలిచాను. అమ్మాయి ఫార్మసీ చదివింది, ఉద్యోగం చేసుకుంటోంది, సుఖంగానే ఉంది. గజ్జెలు మాత్రం ఆనాటినుంచీ క్లోజెట్లో ఒక బూట్ల పెట్టెలో ఉన్నాయి.

రెండోసారి పోయిన దీపావళికి. పదహారేళ్ళ మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది. "తాతయ్యా, అమ్మని అన్నం ఎవరు పెడతారని అడిగావుట. ఇన్నేళ్ళయింది కదా, ఇప్పటికైనా తెలుసుకున్నావా? మరి వాళ్ళకి ఎవరు పెడుతున్నారు?" అంది. రిటైరైన మనిషిని, తీరికకు లోటు లేదు. లైబ్రరీకి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. చదివింది నా మటుకు నేను దాచుకోక, మన సంఘంలోని తల్లిదండ్రుల ముందు పెడుతున్నాను.

మాది కృష్ణా జిల్లా దివి తాలూకా. చిన్నప్పుడు పంటలు ఇళ్ళకు చేరాక కూచిపూడి భాగవతుల మేళం మా ఊరికి వచ్చేది. గుడి ముందు పందిరి, పెట్రోమాక్స్ దీపాలు, తెల్లవార్లూ భామాకలాపం. వాళ్ళకి అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న మాకెవరికీ తోచలేదు. ఊరు పెట్టేది. గోల్కొండ తానీషా ఆ కుటుంబాలకు కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని పెద్దలు చెప్పుకునేవారు. కుర్రవాడు తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో అడుగులు నేర్చుకునేవాడు. చిన్న వేషంతో మొదలుపెట్టి పెద్ద వేషానికి ఎదిగేవాడు. వయసు మళ్ళాక తాళాలు పట్టుకుని నట్టువాంగం చేసేవాడు. బడి, ఉద్యోగం, పింఛను మూడూ మేళమే.

మరి రాజూ అగ్రహారమూ లేని ఈ దేశంలో సంగతేమిటి?

ముందుగా, ఇక్కడ మోడరన్ డాన్స్ అనేదానికి ఓ గురుపరంపర ఉందని చెప్పాలి. రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ అనే దంపతులు 1915లో లాస్ ఏంజెలెస్‌లో డెనిషాన్ అనే నాట్య పాఠశాల పెట్టారు. ఈ రూత్ అమ్మగారు మన దేశం గడప తొక్కక ముందే, 1906లో, 'రాధ' అనే నృత్యం చేసి పేరు తెచ్చుకున్నారు. తమ బృందంతో భారతదేశానికి వచ్చింది ఇరవై ఏళ్ళ తర్వాత. వారి బడిలో 1916లో చేరిన అమ్మాయి మార్తా గ్రాహం. ఆమె 1923లో బయటికొచ్చి, 1926లో న్యూయార్కులో సొంత ప్రదర్శన ఇచ్చింది. ఊపిరి వదిలినప్పుడు నడుము లోపలికి ముడుచుకోవడం, పీల్చినప్పుడు విచ్చుకోవడం - ఈ రెంటిమీదే ఒక కొత్త బాణీ కట్టింది. ఆమె కంపెనీలో ఆడిన మర్స్ కన్నింగ్‌హాం, పాల్ టేలర్ మళ్ళీ బయటికి వెళ్ళి ఎవరి కంపెనీ వారు పెట్టుకున్నారు. మన దగ్గర శిష్యుడు గురువు బాణీని నిలబెడితే గొప్ప. ఇక్కడ గురువు దగ్గర అంతా నేర్చుకుని, విడిపోయి సొంత బాణీ కట్టడమే సంప్రదాయమైపోయింది.

విడిపోవడం బాగానే ఉంది, గడవడం ఎలా? మార్తా గ్రాహం అంతటి మనిషి కూడా 1925లో రోచెస్టర్ నగరంలోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పింది. ఈ రంగంలో పాఠం చెప్పి సంపాదించినదాంతోనే ఆట ఆడారు. మా అమ్మాయికి నేను వేసిన ప్రశ్నకు జవాబులో మొదటి ముక్క ఇదే.

రెండో ముక్క ఆల్విన్ ఎయిలీ జీవితంలో దొరికింది.

ఎయిలీ 1931లో టెక్సాస్ రాష్ట్రంలో రోజర్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వదిలేసి వెళ్ళాడు. తల్లి పత్తి చేలల్లో, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసి పెంచింది. పిల్లవాడూ తల్లి వెంట పత్తి ఏరాడు. తర్వాత తల్లి లాస్ ఏంజెలెస్ వెళ్ళి విమానాల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అక్కడ స్కూల్లో స్నేహితురాలైన కార్మెన్ డి లావలాడ్ అతన్ని 1949లో లెస్టర్ హార్టన్ అనే గురువు దగ్గరికి తీసుకెళ్ళింది.

నల్లవారికి ఆ కాలంలో నాట్యపు తలుపులు ఎలా ఉండేవో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. కార్మెన్ దగ్గరి బంధువు జానెట్ కాలిన్స్ మంచి బ్యాలే నర్తకి. ఒక పెద్ద బ్యాలే కంపెనీ ఆమెను తీసుకుంటామంటూనే, వేదికమీద ముఖానికి తెల్లరంగు పూసుకోవాలంది. ఆమె వద్దని వచ్చేసింది. తర్వాత 1951లో మెట్రోపాలిటన్ ఒపేరాలో తన సొంత రంగుతోనే ఆడింది. అలాంటి రోజుల్లో హార్టన్ బడిలో నల్లవారూ తెల్లవారూ మెక్సికన్లూ జపాన్ సంతతివారూ ఒకే వరుసలో నిలబడి నేర్చుకునేవారు. నాట్యంతోపాటు దుస్తులు కుట్టడం, రంగస్థలం అమర్చడం, దీపాలు వేయడం అందరూ నేర్చుకోవాల్సిందే. పాఠం సులువైనదేమీ కాదు. వీపు బల్లలా చదునుగా ఉండేట్టు నడుము దగ్గర వంగడం, ఒంటికాలిమీద నిలబడి ఒళ్ళంతా పక్కకు వాల్చి ఇంగ్లీషు టీ అక్షరంలా ఆగడం - మన అడవుల్లాగే ఇవి ఏళ్ళ తరబడి సాధకం. హార్టన్ 1953లో హఠాత్తుగా చనిపోయాడు. ఇరవై రెండేళ్ళ ఎయిలీ భుజాలమీద కంపెనీ పడింది.

మరుసటి ఏడాది ఎయిలీ, కార్మెన్ ఒక బ్రాడ్వే నాటకంలో ఆడటానికి న్యూయార్కు వచ్చారు. సంగీత నాటకాల్లో వేషాలు వేస్తూనే అక్కడి గురువులందరి దగ్గరా ఎయిలీ పాఠాలు తీసుకున్నాడు, నటన కూడా నేర్చాడు. 1958 మార్చి 30న మాన్‌హాటన్‌లోని 92వ వీధి వై భవనంలో, తనలాగే బ్రాడ్వేలో ఆడుతున్న మిత్రులను కూడగట్టుకుని ఒక్క ప్రదర్శన ఇచ్చాడు. కంపెనీ పుట్టుక అదే. 1960 జనవరిలో అదే వేదికమీద 'రెవెలేషన్స్' ఆడారు. టెక్సాస్ చర్చిలో తను విన్న పాటలు, తెల్లబట్టలతో చేసే జలస్నానం, ఉక్కపోతలో విసనకర్రలు విసురుకునే అమ్మలక్కలు - ఇవన్నీ తన రక్తంలోని జ్ఞాపకాలు అనేవాడు. ఇప్పటికీ ఆ కంపెనీ ప్రదర్శనలు చాలావరకు దానితోనే ముగుస్తాయి.

ఇంత పేరు వచ్చినా డబ్బు రాలేదు. 1962లో అమెరికా ప్రభుత్వం ఆసియా, ఆస్ట్రేలియా దేశాలకు పంపింది. 1966లో నిధులు లేక కొన్నాళ్ళు కంపెనీ ఆగిపోయింది. 1970లో ఇక మూసేస్తున్నానని ఎయిలీయే ప్రకటించాడు. అదే ఏడు సోవియట్ యూనియన్ పర్యటనలో జనం నీరాజనం పట్టాక మళ్ళీ నిలదొక్కుకుంది. చప్పట్లకూ జీతాలకూ సంబంధం లేదని అతనికి బాగా తెలుసు.

జూడిత్ జేమిసన్ సంగతి చెప్పకుండా ఈ కథ సాగదు. 1943లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. ఆరో ఏట నాట్యం మొదలుపెట్టింది. 1964లో ఒక పేరున్న దర్శకురాలు పిలిచి అమెరికన్ బ్యాలే థియేటర్‌లో వేషం ఇచ్చింది. ఆ ప్రదర్శనలు అయిపోగానే చేతిలో పని లేదు. న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో, జనం ఎక్కి తిరిగే నీటి బండ్ల దగ్గర మీట నొక్కే పనిలో చేరింది. తర్వాత ఒక టెలివిజన్ కార్యక్రమానికి ఆడిషన్‌కు వెళ్ళి సరిగ్గా చేయలేకపోయింది. ఏడుపు ఆపుకుంటూ మెట్లు దిగిపోతుంటే అక్కడ ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆమె పట్టించుకోలేదు. మూడు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. ఆయన ఎయిలీ. 1965లో ఆమె కంపెనీలో చేరింది.

1971లో ఎయిలీ తల్లి పుట్టినరోజు కానుకగా జేమిసన్ కోసం 'క్రై' అనే నృత్యం కూర్చాడు. పదిహేను నిమిషాలకు పైగా వేదికమీద ఆమె ఒక్కతే. మొదటి ప్రదర్శన రోజు వరకు దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక్కసారీ ఆడి చూడలేదట. ఒకసారి నేల తుడిచే గుడ్డగా, ఒకసారి శాలువాగా మారే తెల్లటి బట్టతో ఒక పనిమనిషి బతుకంతా చూపించింది. ఎయిలీ 1989 డిసెంబరు 1న చనిపోయాక కంపెనీని నడిపింది ఆమే, 2011 వరకు. 2024 నవంబరులో కన్నుమూసింది. మీట నొక్కిన చేతులే ఇరవై రెండేళ్ళు ఆ సంస్థ పగ్గాలు పట్టాయి.

ఎయిలీ కట్టినవాటిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది నృత్యం కాదు, ఒక నిచ్చెన. 1969లో బ్రూక్లిన్‌లో 125 మంది విద్యార్థులతో బడి పెట్టాడు. 1974లో బడికీ పెద్ద కంపెనీకీ మధ్య ఒక చిన్న కంపెనీ వచ్చింది. ఇప్పుడు దాన్ని 'ఎయిలీ టూ' అంటారు. పెద్ద కంపెనీలో ముప్ఫై మందికి పైగా, చిన్నదాంట్లో పన్నెండు మంది. చిన్నదాన్ని మొదటినుంచీ 2012 వరకు నడిపిన సిల్వియా వాటర్స్ అంతకుముందు పెద్ద కంపెనీలో ఆడిన మనిషే. 1998నుంచి ఫోర్డమ్ విశ్వవిద్యాలయంతో కలిసి డిగ్రీ కూడా ఇస్తున్నారు.

ఈ నిచ్చెన ఎలా పనిచేస్తుందో మాథ్యూ రషింగ్‌ను చూస్తే తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్ కుర్రవాడు. స్కాలర్‌షిప్‌మీద ఎయిలీ బడికి వచ్చాడు. చిన్న కంపెనీలో ఆడి, 1992లో పెద్ద కంపెనీలోకి వచ్చాడు. 2010లో సాధకాలు చేయించే బాధ్యత, 2020లో సహ దర్శకత్వం. జపాన్‌లోని ఫుకుఓకానుంచి వచ్చిన మసజుమి చాయా 1972లో నర్తకుడిగా చేరి, 1991నుంచి 2019 వరకు సహ దర్శకుడిగా ఉన్నాడు. చదువుతుంటే మా ఊరి మేళం గుర్తొచ్చింది. చిన్న వేషం, పెద్ద వేషం, ఆ తర్వాత నట్టువాంగం. తేడా ఒక్కటే, ఇక్కడ ఏ ఇంట్లో పుట్టావని అడగరు.

అయితే అంతా పూలబాటేనని చెప్తే మీకూ మనవరాలికీ అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. ఆ నిచ్చెన మొదటి మెట్టుమీద వందలమంది, పైమెట్టుమీద ముప్ఫై చిల్లర. కంపెనీలో చేరినా రోజూ పొద్దున్నే క్లాసుకు నిలబడాల్సిందే, ఆపైన సాయంత్రం దాకా సాధకం. చాలా కంపెనీలు ఏడాదిలో కొన్ని వారాలకే జీతం ఇస్తాయి. మిగతా కాలం పాఠాలు చెప్పుకోవాలి, లేదా ఇంకో పని చూసుకోవాలి. మోకాలో మడమో దెబ్బతింటే అంతే. డడ్లీ విలియమ్స్ అరవై దాటాక కూడా, 2005 వరకు ఆడాడు. ఎయిలీ స్వయంగా ఎంచుకున్నవారిలో చివరిదాకా మిగిలిన రెనే రాబిన్సన్ 1981నుంచి 2012 వరకు ఆడింది. కానీ వాళ్ళు నూటికో కోటికో ఒక్కరు. తక్కినవారు చాలామంది నలభై లోపే దిగిపోతారు. అలా దిగిపోయేవారికి మరో వృత్తి చూపించడానికే 1985లో న్యూయార్కులో ఒక సంస్థ పెట్టాల్సి వచ్చింది.

చివరిగా అలీషియా గ్రాఫ్ మాక్. హార్లెమ్ బ్యాలే కంపెనీలో పేరు తెచ్చుకున్నాక కీళ్ళ జబ్బు వచ్చి ఆగిపోయింది. ఊరుకోలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి పట్టా తీసుకుంది. మళ్ళీ లేచి ఎయిలీ కంపెనీలో ఆడింది. మళ్ళీ ఆగింది. సంస్థల నిర్వహణలో ఇంకో డిగ్రీ చేసింది. 2018లో జూలియార్డ్‌లో నాట్య విభాగానికి అధిపతి అయింది. 2025లో ఎయిలీ కంపెనీ పగ్గాలు ఆమె చేతికి వచ్చాయి. చదువా నాట్యమా అని 1994లో నేను రెండు గదులు కట్టి ఒకదానికి తాళం వేశాను. ఈమె రెండు గదుల్లోనూ తిరిగింది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. "అన్నం నాట్యం ఒక్కటే పెట్టదు. నాట్యం, పాఠం, చదువు కలిసి పెడతాయి. ఒక్కోసారి పస్తు కూడా ఉంచుతాయి. తెలిసి దిగితే దిగు" అన్నాను. అది ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు. ఈ మాటలు మా అమ్మాయి వంటింట్లోంచి వింటోంది. కాసేపటికి బయటికొచ్చి, "ఈ జవాబు అప్పుడే వెతికి ఉంటే బాగుండేది నాన్నా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మన పిల్లలు అడిగే ప్రతిదానికీ సరేననమని నేను చెప్పడం లేదు. ప్రశ్న వేయడం మన హక్కే. జవాబు వెతకడంలో పిల్లలకు తోడుండటం కూడా మన పనే. నేను మొదటిది చేసి రెండోది మరిచాను. మీరు మరవకండి.